చూసింది చూసినట్టు

పిల్లలూ, జమ్మికుంట పేరు మీలో చాలామంది వినే ఉంటారు. అది కరీంనగరు జిల్లాలోని ఊరు. కాజీపేట నుంచి బల్లార్షా పోయే రైలు మార్గంలో ఉన్నది. ఊరి పేరులోనే జమ్మిచెట్టూ ఉన్నది, కుంటా ఉన్నది. కాని ఆ ఊరికి దూరదూరాలకు పేరు తెచ్చినది చెట్టూ కాదు, కుంటా కాదు, పత్తి. దసరా వెళ్ళి చలి మొదలయిందంటే చాలు, చుట్టుపక్కల పల్లెల నుంచి ట్రాక్టర్లూ, ట్రాలీ ఆటోలూ తెల్లని పత్తితో నిండి జమ్మికుంట మార్కెటు యార్డుకు వస్తాయి.

సీసీఐ, అంటే భారత పత్తి సంస్థ, పత్తి కొనేచోట ఒక సంగతి మీరు గమనించాలి. అక్కడ ఒక ఉద్యోగి చేతిలో చిన్న యంత్రం ఉంటుంది. దాన్ని ఆయన పత్తిలో గుచ్చి చూస్తాడు. యంత్రం మీద ఒక అంకె కనిపిస్తుంది. ఆ అంకె పత్తిలో ఉన్న తేమ శాతం. అది 8 దాటకపోతే రైతుకు పూర్తి మద్దతు ధర వస్తుంది. 8 దాటితే, దాటిన ఒక్కొక్క శాతానికి ధరలో ఒక్కొక్క శాతం తగ్గుతుంది. 12 దాటితే ఆ పత్తిని సంస్థ కొనదు.

2024-25లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. దానిలో ఒక శాతం అంటే సుమారు 75 రూపాయలు. ఇరవై క్వింటాళ్ళ పత్తి తెచ్చిన రైతుకు యంత్రంలో ఒక్క అంకె పెరిగితే 1,500 రూపాయలు పోయినట్టే! ఆ డబ్బుతో పిల్లల పుస్తకాలు కొనవచ్చు, కూలి బాకీ తీర్చవచ్చు. చూశారా, ఒక చిన్న కొలతలో ఎంత ఉన్నదో!

మరి ఆ తేమను మనం కొలవలేమా? కొలవవచ్చు. దానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. వంటింట్లో వాడే ఎలక్ట్రానిక్ త్రాసు ఒకటీ, శుభ్రమైన గుడ్డ ఒకటీ, మంచి ఎండా ఉంటే చాలు.

ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. ప్రశ్న లేని ప్రయోగం చిరునామా లేని ఉత్తరం వంటిది. మన ప్రశ్న ఇది: పొద్దున్నే మంచు తడితో ఏరిన పత్తిలోనూ, మధ్యాహ్నం ఏరిన పత్తిలోనూ నీటిలో ఎంత తేడా ఉంటుంది?

ఒకే చేనులో, ఒకే సాళ్ళలో, ఒకే రోజున పొద్దున ఏడు గంటలకు కొంత పత్తీ, మధ్యాహ్నం మూడు గంటలకు కొంత పత్తీ ఏరండి. ఏరిన వెంటనే 500 గ్రాములు తూచి, గుడ్డ మీద పలుచగా పరచి ఎండబెట్టండి. గంటకొకసారి తూచి బరువు రాసుకోండి. వరసగా రెండుసార్లు ఒకే బరువు వచ్చిందాకా ఆరబెట్టాలి. మూడు గంటల పత్తికి ఆ పూట ఎండ చాలదు కనుక, దాన్ని మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి, మర్నాడు ఎండబెట్టవచ్చు. ఆ సంగతి కూడా పుస్తకంలో రాయాలి. పత్తిని త్వరగా ఆరబెట్టాలని పొయ్యి దగ్గరికి మాత్రం తీసుకుపోకండి; అది క్షణంలో అంటుకుంటుంది.

మీరు త్రాసు ముందు పెట్టుకుని కూర్చుంటే మీ తాత రాకుండా ఉండడు.

"ఏం చేస్తున్నవ్ బిడ్డా?"

"పత్తిల నీళ్ళెన్ని ఉన్నయో చూస్తున్న తాతా."

"గట్లనా? నేనైతే చేత్తోని పట్టుకుని చెప్తా."

అప్పుడు తాత చెప్పిన మాట కూడా మీ పుస్తకంలో రాసుకోండి. ఆయన అనుభవం తక్కువది కాదు. త్రాసు చెప్పినదీ, తాత చెప్పినదీ పక్కపక్కన పెట్టి చూస్తే అది మరొక ప్రయోగం అవుతుంది.

ఇప్పుడు లెక్క చూదాం. పొద్దుటి పత్తి 500 గ్రాముల నుంచి 455 గ్రాములకు తగ్గిందనుకోండి. పోయిన నీరు 45 గ్రాములు, అంటే నూటికి 9. మధ్యాహ్నపు పత్తి 475కు తగ్గిందనుకోండి. పోయినది 25 గ్రాములు, అంటే నూటికి 5. ఇవి లెక్క తెలియటానికి నేను చెప్పిన అంకెలు. మీ చేనులో ఏమి వస్తుందో మీరే చూడాలి.

500 గ్రాములే ఎందుకు, 100 గ్రాములు చాలదా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. వంటింటి త్రాసు ఒక గ్రాము అటూ ఇటూ చూపవచ్చు. 100 గ్రాములలో ఒక గ్రాము పొరపాటు అంటే నూటికి ఒకటి. 500 గ్రాములలో అదే పొరపాటు నూటికి 0.2 మాత్రమే. నూటికి ఒకటి అంటే క్వింటాలుకు 75 రూపాయలని ఇందాకనే చూశాం గదా!

ఇంకొక సంగతి. ఎండ పత్తిలోని నీటినంతా తీయలేదు. ప్రయోగశాలల్లో సుమారు 105 డిగ్రీల వేడిలో ఆరబెట్టి తూస్తారు. మార్కెటులోని యంత్రం అసలు తూకమే వెయ్యదు. తడి పత్తిలో విద్యుత్తు సులభంగా పారుతుంది, పొడి పత్తిలో పారదు. ఆ తేడాను బట్టి యంత్రం తేమను లెక్క కడుతుంది. కనుక మీ అంకే, యంత్రం అంకే ఒకటే కావాలని లేదు. కాని పొద్దుటి పత్తికీ, మధ్యాహ్నపు పత్తికీ ఉన్న తేడా మీ ప్రయోగంలో బయటపడుతుంది. మన ప్రయోగం ఏది చెప్పగలదో, ఏది చెప్పలేదో తెలుసుకోవటం కూడా శాస్త్రమే.

ప్రయోగం అయిపోయింది. ఇక రాయాలి. అసలు చిక్కు ఇక్కడే వస్తుంది.

మన స్కూళ్ళలో సైన్సు రికార్డులు ఎలా తయారవుతాయో మీకూ తెలుసు, మీ అమ్మానాన్నలకూ తెలుసు. కిందటేడు చదివిన అన్న రికార్డు తెచ్చుకుని చూసి రాస్తారు. ఆ అన్న అంతకు ముందటి ఏటి అక్క రికార్డు చూసి రాసి ఉంటాడు. బొమ్మలు చక్కగా ఉంటాయి. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. తరగతిలో నలభైమంది ఉంటే నలభైమందికీ ఒకే జవాబు వస్తుంది. ఒక్కటే లోపం: అందులో ప్రయోగం లేదు!

దీనివల్ల ఏమి పోతుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఒక మీటరు పొడుగు దారానికి చిన్న రాయి కట్టి ఊపితే, అది అటు పోయి ఇటు రావటానికి సుమారు 2 సెకన్లు పడుతుంది. ఇరవై ఊపులకు సుమారు 40 సెకన్లు. ఆ లెక్కను బట్టి భూమి ఆకర్షణ వల్ల కలిగే త్వరణం, అంటే పుస్తకంలో 9.8 అని ఉంటుందే, అది కట్టవచ్చు.

ఒక అమ్మాయి ఈ ప్రయోగం చేసిందనుకుందాం. ఆమెకు 40కి బదులు 38 సెకన్లు వచ్చింది. లెక్క కడితే 9.8 రాలేదు, సుమారు 10.9 వచ్చింది. పక్క అమ్మాయి, "38ని కొట్టేసి 40 అని వెయ్యవే, మార్కులు పోతాయి," అన్నది. ఆమె అలా వేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది.

కాని ఆమె 38 అనే రాసింది. తాను ఎలా లెక్కపెట్టిందో కూడా వివరంగా రాసింది: "రాయిని వదిలినప్పుడు గడియారం నొక్కి, ఒకటి అన్నాను." అది చదివిన మేష్టారు నవ్వాడు. రాయిని వదిలినప్పుడు "సున్న" అనాలి. తిరిగి వచ్చినప్పుడు "ఒకటి" అనాలి. ఆమె వదిలేటప్పుడే ఒకటి అన్నది కనుక, ఆమె ఇరవై అనుకున్నవి నిజానికి పందొమ్మిది ఊపులే. పందొమ్మిది ఊపులకు సుమారు 38 సెకన్లు! ఆమె గడియారం తప్పలేదు, ఆమె కన్ను తప్పలేదు, భూమీ తప్పలేదు. లెక్క మొదలు పెట్టిన చోట పొరపాటు. నిజంగా చూసిన అంకెను దాచకుండా రాసింది కనుకనే ఆ పొరపాటు దొరికింది. 40 అని రాసి ఉంటే ఆమె జన్మంతా ఒకటితోనే మొదలు పెట్టేది.

కనుక పిల్లలూ, రిపోర్టు రాయటంలో మొదటి నియమం: చూసింది చూసినట్టు రాయాలి. రెండవ నియమం: మీరు రాసినది చదివి, మిమ్మల్ని ఎన్నడూ చూడని మనిషి అదే ప్రయోగాన్ని చెయ్యగలగాలి.

ఈ రెండవ నియమం చాలా పాతది. పూర్వం ఎవరికైనా కొత్త సంగతి తెలిస్తే రహస్యంగా దాచుకునేవాళ్ళు. స్నేహితులకు ఉత్తరాలు రాసుకునేవాళ్ళు. 1665 మార్చిలో లండనులో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ అనే ఆయన "ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్" అనే పత్రిక ప్రారంభించాడు. ఎవరు ఏ ప్రయోగం చేశారో అందులో అచ్చు వేసేవారు. నాటి నుంచీ ఒకరు చేసినది నలుగురూ చదివి, తామూ చేసి చూసి, ఔననటమో కాదనటమో ఆచారమయింది. శాస్త్రం త్వరత్వరగా పెరగటానికి అదొక ముఖ్య కారణం.

"అదంతా పెద్దవాళ్ళ వ్యవహారం. విద్యార్థుల ప్రయోగాలు ఎవరు చదువుతారు?" అంటారేమో. అయితే ఈ కథ వినండి.

చిన్నతనంలో విశాఖపట్నంలో చదువుకున్న ఒక కుర్రవాడు తరవాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చేరాడు. ఒకనాడు అతను పట్టకం కోణాన్ని కొలుస్తున్నాడు. అది ప్రతి ఏడూ విద్యార్థులందరూ చేసే మామూలు ప్రయోగమే. అతనికి మాత్రం వెలుగు పక్కన కొన్ని చారలు కనిపించాయి. అవి రెండు వైపులా ఒకే తీరున లేవు. "మనకెందుకు, కోణం రాసి రికార్డు ఇచ్చేద్దాం," అని అతను అనుకోలేదు. ఆ చారలను కొలిచి, కారణం ఆలోచించి, ఒక వ్యాసం రాశాడు. అది 1906 నవంబరులో ఇంగ్లండులోని "ఫిలసాఫికల్ మాగజైన్" అనే పత్రికలో అచ్చయింది. అప్పటికి అతనికి పద్ధెనిమిదేళ్ళు. అతని పేరు చంద్రశేఖర వెంకటరామన్. 1930లో నోబెల్ బహుమానం పొందిన సర్ సి. వి. రామన్ ఆయనే.

పద్ధెనిమిదేళ్ళు కూడా నిండనక్కరలేదు. అమెరికాలో ఎమిలీ రోజా అనే అమ్మాయి తొమ్మిదేళ్ళ వయసులో స్కూలు సైన్సు ప్రదర్శన కోసం ఒక ప్రయోగం చేసింది. చికిత్స చేసే కొందరు రోగిని తాకకుండానే, ఒంటి చుట్టూ ఉన్న శక్తిని చేతులతో తెలుసుకోగలమని చెప్పేవారు. ఎమిలీ ఒక అట్ట అడ్డం పెట్టి, దాని కంతల్లోంచి వాళ్ళ రెండు చేతులూ పెట్టమన్నది. నాణెం ఎగరేసి, ఒక చేతి మీదుగా తన చెయ్యి ఉంచి, "నా చెయ్యి ఏ వైపు ఉన్నది?" అని అడిగింది. 21 మందిని 280 సార్లు అడిగితే సరిగా చెప్పినది 123 సార్లు. అంటే నూటికి 44. కళ్ళు మూసుకుని ఊరికే చెప్పినా నూటికి 50 వస్తాయి గదా! ఈ ప్రయోగం 1998లో అమెరికా వైద్య సంఘం వారి పత్రికలో అచ్చయింది. అప్పటికి ఎమిలీకి పదకొండేళ్ళు.

ఇంగ్లండులో బ్లాకాటన్ అనే పల్లెటూరి స్కూలు పిల్లలు ఇరవై అయిదుగురు, ఎనిమిది నుంచి పదేళ్ళ వాళ్ళు, తుమ్మెదలకు రంగుల లెక్క నేర్పి చూశారు. తీపి నీళ్ళు ఏ రంగులో ఉన్నాయన్నదే గాక, ఆ రంగు మిగతా రంగుల నడుమ ఎక్కడ ఉన్నదో కూడా తుమ్మెదలు నేర్చుకోగలవని కనిపెట్టారు. వాళ్ళ వ్యాసం 2010లో "బయాలజీ లెటర్స్" అనే పత్రికలో వచ్చింది. అందులో మాటలు పిల్లలవే. బొమ్మలు కూడా వాళ్ళు రంగు పెన్సిళ్ళతో వేసినవే!

రామన్ కాలంలో వ్యాసం ఓడ ఎక్కి సముద్రాలు దాటి పోవలసివచ్చింది. ఇప్పుడు ఆ బాధ లేదు. ఇంటర్నెట్టులో మనం చూసే వెబ్ పేజీలు అసలు పుట్టినదే శాస్త్రజ్ఞులు తమ కాగితాలు ఒకరికొకరు చూపుకోవటానికి. 1989లో స్విట్జర్లండులోని సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్-లీ ఆ ఆలోచన చేశాడు. 1993లో ఆ సంస్థ దాన్ని లోకానికంతటికీ ఉచితంగా ఇచ్చివేసింది. కనుక మీ ప్రయోగం రిపోర్టును ఇంటర్నెట్టులో పెట్టటమంటే, దాన్ని పుట్టించిన పనికే వాడుతున్నారన్నమాట.

ఇప్పటికే ఎందరో పిల్లలు ఈ పని చేస్తున్నారు. 1995లో మొదలైన "గ్లోబ్" అనే కార్యక్రమంలో అనేక దేశాల స్కూలు పిల్లలు వానా, ఎండా, మబ్బూ, మట్టీ కొలిచి ఇంటర్నెట్టుకు ఎక్కిస్తారు. రిపోర్టులు కూడా రాస్తారు. భారతదేశం 2000లో అందులో చేరింది. 2011లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయం విద్యార్థులు స్కూలు పిల్లల పరిశోధనల కోసమే ఇంటర్నెట్టులో ఒక పత్రిక ప్రారంభించారు. మన దేశంలో 1993 నుంచి జాతీయ బాలల సైన్సు కాంగ్రెసు జరుగుతున్నది. పది నుంచి పదిహేడేళ్ళ పిల్లలు తమ ఊరి సమస్య ఒకటి తీసుకుని, పరీక్షించి, రోజు రోజూ పుస్తకంలో రాసి, రిపోర్టు తయారు చేస్తారు.

మీ రిపోర్టు ఎలా ఉండాలో చెబుతాను. మొదట మీ ప్రశ్న రాయండి. తరవాత ఏమేమి వాడారో రాయండి: త్రాసు ఎంతవరకు ఖచ్చితమో కూడా. తరవాత ఏమి చేశారో వరస తప్పకుండా రాయండి: తేదీ, వేళ, ఎండా, మబ్బూ అన్నీ. తరవాత కొలతలన్నీ పట్టికగా వెయ్యండి. మీకు నచ్చనివి కూడా. తరవాత మీకు తోచిన జవాబు. చివర, ఎక్కడ పొరపాటు జరిగి ఉండవచ్చునో రాయండి. ఇది రాయటానికి సిగ్గుపడకండి. తన పొరపాట్లు తానే చెప్పినవాడి మాట జనం ఎక్కువగా నమ్ముతారు. ఇంకొకరి బొమ్మ గాని, మాట గాని తీసుకుంటే వారి పేరు చెప్పండి. చెప్పకుండా తీసుకుంటే అది దొంగతనమే.

ఇంటర్నెట్టుకు ఎక్కించే పని మీ సారో టీచరమ్మో స్కూలు పేరుతో చేస్తే మంచిది. మీ ఇంటి చిరునామా, ఫోను నంబరు, ఫొటో అందులో పెట్టకండి. చేను ఎవరిదో ఆ రైతును అడగకుండా ఆయన పేరు రాయకండి. తరవాత తప్పు కనిపిస్తే గుట్టుగా చెరిపివెయ్యకండి; "ఫలానా తేదీన ఈ అంకె సరిదిద్దాము, పాత అంకె ఇది," అని కింద రాయండి.

వీలైతే తెలుగులో రాయండి. ఎందుకంటే ఈ రిపోర్టు చదివి బాగుపడవలసినవాడు మీ ఊరి రైతే. జమ్మికుంటలో కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నది. అక్కడి శాస్త్రజ్ఞులకు మీ పట్టిక చూపించి, ఇందులో తప్పులేమిటని అడగండి.

ఒక స్కూలు పిల్లలు ఒక చేనులో ఒకరోజు చేసిన ప్రయోగం చిన్నదే. కాని దాన్ని చూసి హుజూరాబాదులో ఒక స్కూలు, ఆదిలాబాదులో ఒక స్కూలు, మంచిర్యాలలో ఒక స్కూలు అదే పద్ధతిని తమ ఊరి పత్తితో చేశాయనుకోండి. ఒకరి అంకెలు ఒకరు చూసుకుంటారు. తేడాలు వస్తే కారణం వెతుకుతారు. అప్పుడు, మంచు ఆరిన తరవాత ఏరితే ఎంత లాభమో, ఎన్ని గంటలు ఆరబెడితే చాలునో ఏ రైతయినా ఫోనులో చూసి తెలుసుకోవచ్చు.

అయితే ఒక మాట. ఆ పట్టికలో ఒక్క అంకె మీరు ఊహించి వేసినదైతే, దాన్ని నమ్మిన రైతు ఒక గంట ముందే పత్తి మూటకట్టి, ట్రాక్టరు కిరాయి పెట్టుకుని జమ్మికుంట వస్తాడు. అక్కడ యంత్రం 13 చూపిస్తుంది. ఆయన పత్తిని తిరిగి ఇంటికి తోలుకుపోవలసివస్తుంది. రికార్డులో దొంగ అంకె వేస్తే మార్కులు వస్తాయి కాబోలు. లోకానికి చూపే రిపోర్టులో వేస్తే నష్టం ఇంకొకరి ఇంటికి పోతుంది.

కనుక ఈసారి పత్తి ఏరే రోజులు వచ్చినప్పుడు త్రాసు పట్టుకుని చేనికి వెళ్ళండి. ఒక కొత్త నోటు పుస్తకం, ఒక పెన్ను తీసుకోండి. రబ్బరు మాత్రం ఇంట్లోనే పెట్టి వెళ్ళండి!